జియోజెబ్రాలో సమాంతర చతుర్భుజం: కోణం చూపిస్తుంది, కారణం మనమే రాయాలి

సమాంతర చతుర్భుజంలో ఒక కోణం 65°, మిగతా మూడూ ఎంత? 115°, 65°, 115°. దీనికి సాఫ్ట్‌వేర్ ఎందుకు, కాగితం కూడా అక్కర్లేదు. కానీ ఇదే లెక్క నోటితో చెప్పేసిన పిల్లలు, కర్ణం ఒకటి గీసి రెండు ముక్కల కోణాలు ఇచ్చేసరికి ఆగిపోతారు. లేదా (5ఎక్స్ − 8)°, (3ఎక్స్ + 20)° అని రెండు కోణాలు ఇస్తే, అవి ఎదుటి కోణాలా ఆసన్న కోణాలా అని చూడకుండానే కలిపి 180 పెట్టేస్తారు. 8, 9 తరగతుల్లో ఈ పాఠం దగ్గర, లెక్కల బొమ్మలు గీసి లాగి చూసుకునే సాఫ్ట్‌వేర్ జియోజెబ్రా ఎంతవరకు పనికొస్తుంది, ఎక్కడ తప్పుదోవ పట్టిస్తుంది అన్నంతవరకే ఈ సమీక్ష. గ్రాఫులు, త్రీడీ, స్ప్రెడ్‌షీటు జోలికి పోవడం లేదు.

జియోజెబ్రా ఆస్ట్రియాలో పుట్టింది. సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో మార్కుస్ హోహెన్‌వార్టర్ 2001లో తన మాస్టర్స్ థీసిస్ కోసం మొదలుపెట్టిన పని ఇది. 2021లో బైజూస్ కొన్నది. చదువుకోడానికి, పాఠం చెప్పుకోడానికి ఉచితం. బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది, ఫోన్లో యాప్‌గా దిగుతుంది, యాప్ ఒకసారి వేసుకుంటే నెట్ లేకపోయినా బొమ్మలు గీసుకోవచ్చు. మన పనికి ‘జియోమెట్రీ’ యాప్ చాలు. స్లైడర్లు (జరిపితే విలువ మారే పట్టీలు), ఇన్‌పుట్ బార్ వాడే చోట ‘క్లాసిక్’ తీసుకుందాం. కింద చెప్పే టూళ్ల పేర్లు ఇంగ్లీషు మెనూలో కనబడేవే.

తీర్పు ముందే చెప్పేస్తే: ఏ కోణం దేనితో పాటు మారుతుంది, ఏది మారదు అన్నది చూపించడంలో దీనికి సాటి లేదు. తెలియని కోణాన్ని ‘కనిపెట్టి పెట్టే’ యంత్రంగా వాడితే మాత్రం దండగ. 5కి 4 ఇవ్వొచ్చు. తగ్గిన ఆ ఒక్కటీ ఎందుకో కిందకు వెళ్తే తెలుస్తుంది.

గీయడం దగ్గరే సగం తేలిపోతుంది

కొత్తవాళ్లు చేసే పని ఒకటే. పాలిగన్ టూల్ తీసుకుని, కంటి అంచనాతో నాలుగు బిందువులు పెట్టి, మొదటి బిందువు మీద మళ్లీ నొక్కి మూసేస్తారు. చూడ్డానికి సమాంతర చతుర్భుజంలాగే ఉంటుంది. కోణాలు కొలిస్తే 71.3°, 109.1°, 70.6°, 109° అని వస్తాయి. ‘ఎదుటి కోణాలు సమానం కాలేదేంటి’ అన్న సందేహం అక్కడే మొదలు. ఒక మూలను లాగితే ఆకారం పూర్తిగా చెదిరిపోతుంది. గ్రిడ్ వెలిగించి గళ్ల మీద బిందువులు పెడితే కొలతలు సరిపోతాయి గాని, లాగితే మళ్లీ అదే కథ. అది సమాంతర చతుర్భుజం బొమ్మ మాత్రమే. సమాంతరత దానిలో ఎక్కడా లేదు.

సరైన పద్ధతికి అరనిమిషం ఎక్కువ పడుతుంది. ఏ, బీ, సీ మూడు బిందువులు పెట్టండి. ఏబీ, బీసీ రేఖాఖండాలు గీయండి. ‘ప్యారలల్ లైన్’ టూల్‌తో సీ గుండా ఏబీకి ఒక సమాంతర రేఖ, ఏ గుండా బీసీకి ఒక సమాంతర రేఖ. రెండూ ఖండించుకున్న చోట ‘ఇంటర్‌సెక్ట్’ టూల్‌తో డీ. ఇప్పుడు పాలిగన్ టూల్‌తో ఏ, బీ, సీ, డీ, మళ్లీ ఏ. చివరగా ఆ రెండు పొడుగు రేఖల్ని దాచేయండి, తీసేయకూడదు. తీసేస్తే వాటి మీద ఆధారపడ్డ డీ కూడా పోతుంది, దానితో బొమ్మంతా పోతుంది.

క్లాసిక్‌లో ఏ, బీ, సీ నీలం రంగులో ఉంటాయి, డీ ముదురు బూడిద రంగులో ఉంటుంది. నీలం వాటిని లాగొచ్చు, డీని లాగలేం. పిల్లలు దీన్ని ‘హ్యాంగ్ అయింది’ అనుకుంటారు. నిజానికి పాఠం మొత్తం ఆ రంగులోనే ఉంది. మూడు శీర్షాలు మన ఇష్టం, నాలుగోది ఆ మూడింటి ఇష్టం. కోణాలకు వస్తే ఆ స్వేచ్ఛ ఇంకా తక్కువ: ఒక్క కోణం తెలిస్తే మిగతా మూడూ తెలిసినట్టే.

లాగుతూ లాగుతూ ఏ, బీ, సీలను ఒకే గీత మీదికి తెస్తే డీ మాయమవుతుంది. సమాంతర రేఖలు రెండూ ఒకదాని మీద ఒకటి పడి, ఖండన బిందువంటూ లేకుండా పోవడమే కారణం. సీని పక్కకు జరిపితే తిరిగొస్తుంది. కంగారు పడి మొదటినుంచి గీయక్కర్లేదు.

252° ఎక్కడినుంచి వచ్చింది?

యాంగిల్ టూల్ మీద వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం దీని గురించే. ఈ టూల్ కోణాన్ని ఎప్పుడూ గడియారం ముల్లు తిరిగే దిశకు వ్యతిరేకంగా కొలుస్తుంది. శీర్షాలను ఆ దిశలోనే పేరు పెట్టి ఉంటే, ఏ దగ్గరి లోపలి కోణానికి నొక్కాల్సిన వరస బీ, ఏ, డీ. తిరగేసి డీ, ఏ, బీ నొక్కితే బయటివైపు తిరిగి, 72° బదులు 288° చూపిస్తుంది. బీ దగ్గర అలాగే చేస్తే 108° బదులు 252°. నాలుగూ ఒక్కసారే కావాలంటే బహుభుజి మధ్యలో నొక్కితే చాలు, అన్ని కోణాలూ వచ్చేస్తాయి. అక్కడా శీర్షాలు గడియారం దిశలో పెట్టి ఉంటే నాలుగూ బయటి కోణాలే వస్తాయి.

సరిగ్గా గీసినా, సీని లాగి ఏబీ రేఖకు అవతలి పక్కకు దాటిస్తే దిశ తిరగబడి లోపలి కోణాలు కాస్తా 252°, 288° అయిపోతాయి. కాబట్టి వరస గుర్తుపెట్టుకోవడం కన్నా సెట్టింగ్ మార్చుకోవడం మేలు. కోణం మీద కుడి క్లిక్ చేసి (ఫోన్లో అయితే కోణాన్ని ఎంచుకుని) సెట్టింగ్స్‌లో ‘యాంగిల్ బిట్వీన్’ దగ్గర 0°, 180° పెట్టేయండి. కుంభాకార చతుర్భుజంలో ఏ కోణమూ 180 దాటదు కాబట్టి నష్టమేమీ లేదు.

ఇక్కడ జామెట్రీ బాక్సులోని కోణమానినితో పోల్చి చూడాలి. కోణమానినికి లోపలి వరస, బయటి వరస రెండుంటాయి. తప్పు వరస చదివితే 70° కాస్తా 110° అవుతుంది. మామూలు త్రిభుజంలో ఆ తప్పు మొత్తం 180 దాటినప్పుడు బయటపడుతుంది. సమాంతర చతుర్భుజంలో బయటపడదు. ఎందుకంటే 110° కూడా ఆ బొమ్మలో ఉన్న కోణమే, పక్క మూలది! నాలుగు మూలల్లోనూ తప్పు వరసే చదివినా 110, 70, 110, 70 వస్తుంది, మొత్తం చక్కగా 360. జియోజెబ్రా తప్పు చేసినప్పుడు 252 అని అరిచి చెబుతుంది, కోణమానిని తప్పు నోరెత్తకుండా పోతుంది. ఈ ఒక్క విషయంలో సాఫ్ట్‌వేరే నయం.

ఇంకో ఇబ్బంది రౌండింగ్. పిల్లలకు సులువుగా ఉంటుందని దశాంశాలు తీసేసి పూర్ణాంకాలు పెడితే, అసలు కోణాలు 72.5°, 107.5° అయినప్పుడు తెర మీద 73°, 108° కనబడతాయి. కలిపితే 181. ‘పక్కపక్క కోణాల మొత్తం 180 అన్నారుగా’ అని వెనక బెంచీ నుంచి ప్రశ్న వస్తుంది, రావాలి కూడా. దశాంశ స్థానాలు ఒకటో రెండో ఉంచడం మంచిది. పూర్ణాంకాలే కావాలంటే కోణాన్ని స్లైడర్‌కు కట్టి 1° మెట్టు పెట్టాలి.

స్లైడర్‌తో కడితే రాంబస్ అయిపోయే చిక్కు

క్లాసిక్‌లో ఆల్ఫా పేరుతో కోణం స్లైడర్ పెట్టండి, 10° నుంచి 170°, మెట్టు 1°. తర్వాత ‘యాంగిల్ విత్ గివెన్ సైజ్’ టూల్‌తో బీని, ఏని నొక్కి, కొలత దగ్గర ఆల్ఫా ఇస్తే కొత్త బిందువు ఒకటి వస్తుంది. చాలామంది దాన్నే నాలుగో శీర్షం చేసేస్తారు. ఆ టూల్ చేసేది బీని ఏ చుట్టూ తిప్పడం. తిప్పితే దూరం మారదు కదా, కొత్త బిందువు ఏ నుంచి సరిగ్గా ఏబీ అంత దూరంలోనే పడుతుంది. అంటే మీరు కట్టింది రాంబస్, నాలుగు భుజాలూ సమానమైనది. దాని మీద కర్ణం గీసి చూపిస్తే కోణాన్ని సరిసమానంగా పంచుతుంది, పిల్లలు అదే అన్ని సమాంతర చతుర్భుజాలకూ వర్తిస్తుందని రాసుకుంటారు. ఆ తప్పు పరీక్ష దాకా వెంటబడుతుంది.

మందు తేలికే. ఏ నుంచి ఆ కొత్త బిందువు గుండా ‘రే’ గీసి, ఆ కిరణం మీద వేరే బిందువు పెట్టి దాన్ని డీ చేయండి. బీ గుండా ఏడీకి, డీ గుండా ఏబీకి సమాంతర రేఖలు గీస్తే సీ వస్తుంది. ఇప్పుడు కోణం స్లైడర్ చేతిలో, భుజం పొడవు డీ చేతిలో. డీని కిరణం వెంట జరిపితే భుజాలు మారతాయి, కోణాలు ఒక్కటీ మారవు. భుజాల పొడవుకీ కోణాలకీ సంబంధం లేదని ఇంతకన్నా బాగా చెప్పడం కష్టం. స్లైడర్ 90 దగ్గరకు రాగానే కోణం గుర్తు వంపు పోయి చిన్న చదరంగా మారుతుంది, బొమ్మ దీర్ఘచతురస్రం అవుతుంది.

ఇన్‌పుట్ బార్‌లో నేరుగా కోణం విలువ రాసేటప్పుడు ° గుర్తు మరవొద్దు. గుర్తు లేకపోతే రేడియన్లుగా తీసుకుంటుంది. 70 రేడియన్లంటే పదకొండు చుట్లు తిరిగాక మిగిలేది దాదాపు 50.7°. 70 రాస్తే 50.7 వస్తుందేమిటని బుర్ర బద్దలుకొట్టుకోవడం అనవసరం.

అసలు లెక్కల్లో ఎంత సాయం

ఏ = (5ఎక్స్ − 8)°, సీ = (3ఎక్స్ + 20)° అనుకుందాం. ఏ, సీ ఎదురెదురు మూలలు. కాబట్టి 5ఎక్స్ − 8 = 3ఎక్స్ + 20, ఎక్స్ = 14, రెండు కోణాలూ 62°, మిగతా రెండూ 118°. ఆసన్న కోణాలనుకుని కలిపితే 8ఎక్స్ + 12 = 180, ఎక్స్ = 21, కోణాలు 97°, 83°. సరిచూసుకుంటే 97 + 83 = 180, ‘సరిపోయింది’ అనుకుంటారు. సరిపోక ఏమవుతుంది, ఆ షరతు పెట్టే కదా లెక్క చేసింది! చూడాల్సింది వేరే: ఎదుటి కోణాలు 97, 83గా విడిపోయాయా లేదా అని.

జియోజెబ్రాలో సమీకరణాలు సాధించే భాగమైన సీఏఎస్‌కు ఈ రెండు సమీకరణాల్లో ఏది ఇచ్చినా క్షణంలో సాధించి పెడుతుంది. ఏది ఇవ్వాలో చెప్పదు. అది స్లైడర్ బొమ్మ చెబుతుంది: ఏ ఒక డిగ్రీ పెరిగితే సీ ఒక డిగ్రీ పెరుగుతుంది, బీ, డీ ఒక్కో డిగ్రీ తగ్గుతాయి. రెండు నిమిషాలు స్లైడర్ అటూ ఇటూ జరిపిన పిల్లలకు ‘సమానం పెట్టాలా, కలిపి 180 పెట్టాలా’ అన్నది మళ్లీ చెప్పాల్సిన అవసరం పెద్దగా ఉండదు.

కర్ణం లెక్కలో దీని పరిమితి తెలుస్తుంది. ∠డీఏబీ = 80°, ∠డీబీసీ = 55°, మరి ∠సీడీబీ ఎంత? కాగితం మీద: ∠సీ = 80° (ఎదుటి కోణాలు), త్రిభుజం బీసీడీలో మిగిలింది 180 − 80 − 55 = 45°. జియోజెబ్రాలో గీయబోతే 80° పెట్టడం తేలిక. 55° రావాలంటే డీని కిరణం మీద అటూ ఇటూ జరపాలి, 54.97 దగ్గరో 55.04 దగ్గరో ఆగుతుంది. బాణం కీలతో, షిఫ్ట్ పట్టుకుని ఇంకా సన్నగా జరిపితే దగ్గరకు వస్తుంది గాని అచ్చంగా కూర్చోవడం అదృష్టం. కచ్చితంగా గీయాలంటే బీ దగ్గర ఏబీతో 45° కోణం చేసే కిరణం వేయాలి. ఆ 45 మనం కనుక్కోవాల్సిన జవాబే! (∠ఏబీడీ, ∠సీడీబీ ఏకాంతర కోణాలు మరి.) అందుకే ముందు కాగితం మీద చేసి, తర్వాత దీంట్లో సరిచూసుకోవడమే దారి.

ఈ లెక్కలోనే ఎక్కువమంది పడే గొయ్యి ఇంకోటి ఉంది: కర్ణం బీ కోణాన్ని సమంగా పంచుతుందనుకుని ∠ఏబీడీ కూడా 55 అని రాయడం. అలాగైతే ∠బీ = 110 కావాలి, కానీ ఏ 80 కాబట్టి బీ 100 మాత్రమే. ఆ రెండు ముక్కల కోణాలనూ తెర మీద పెట్టి డీని జరపండి. ఏడీ, ఏబీ సమానమైన ఒక్క క్షణంలో తప్ప అవి కలవవు.

కోణసమద్విఖండన రేఖల లెక్కలో ఈ టూల్ బాగా వెలుగుతుంది. ‘యాంగిల్ బైసెక్టర్’తో ఏ, బీల దగ్గర రెండు గీతలు గీసి, అవి కలిసిన చోట కోణం కొలవండి. బొమ్మను ఎంత లాగినా 90° కదలదు. ఆసన్న కోణాల మొత్తం 180, సగాల మొత్తం 90, త్రిభుజంలో మూడోది 90. నాలుగు మూలల నుంచీ గీస్తే మధ్యలో దీర్ఘచతురస్రం ఏర్పడుతుంది. నెమ్మదిగా భుజాలను సమానం చేస్తూ పోతే అది కుంచించుకుపోయి రాంబస్ దగ్గర ఒక్క చుక్క అవుతుంది, ఎందుకంటే అక్కడ ఆ గీతలే కర్ణాలు. కాగితం మీద పది బొమ్మలు గీసినా ఈ కుంచించుకుపోవడం చూపించలేం.

గురుకోణం ఉన్న శీర్షం నుంచి ఎదుటి భుజాలకు రెండు లంబాలు గీసి, వాటి మధ్య కోణం 60° అని ఇచ్చే లెక్క కూడా ఉంటుంది. లంబపాదాలు, రెండు గురుకోణ శీర్షాలు కలిసి చతుర్భుజం, అందులో రెండు 90లు, ఒక 60, మిగిలింది 120. కాబట్టి కోణాలు 120, 60. దీన్ని గీసేటప్పుడు లంబరేఖను భుజం రేఖాఖండంతో ఖండింపజేస్తే, భుజం పొట్టిదైనప్పుడు పాదం బయటపడి బిందువు ‘అన్‌డిఫైన్డ్’ అవుతుంది. ‘లైన్’ టూల్‌తో భుజాన్ని రెండు వైపులా పొడిగించి, దానితో ఖండింపజేస్తే ఈ బాధ ఉండదు.

కారణం చూపించే రెండు ఏర్పాట్లు

ఆసన్న కోణాల మొత్తం 180 ఎందుకు? ఏబీని బీ అవతలకు పొడిగించి, ఆ పొడిగింపుకూ బీసీకీ మధ్య కోణం కొలవండి. అది ఎప్పుడూ ఏ కోణంతో సమానం, ఎందుకంటే సదృశ కోణాలు. దానికీ బీ లోపలి కోణానికీ కలిపి సరళ కోణం. ఒక్క గీతతో పని అయిపోయింది.

ఎదుటి కోణాలు సమానం ఎందుకన్నదానికి: ఏసీ మధ్యబిందువు పట్టండి, ‘రొటేట్ అరౌండ్ పాయింట్’తో బొమ్మను దాని చుట్టూ తిప్పండి, తిప్పే కోణం 0° నుంచి 180° స్లైడర్. 180 దగ్గరకు వచ్చేసరికి బొమ్మ తన మీద తానే పడుతుంది, ఏ వెళ్లి సీ మీద, బీ వెళ్లి డీ మీద కూర్చుంటుంది. పరీక్షలో మాత్రం ఇది రాస్తే సరిపోకపోవచ్చు. కర్ణం గీసి, రెండు జతల ఏకాంతర కోణాలు, ఉమ్మడి భుజం చూపి, కోణం భుజం కోణం నియమంతో త్రిభుజాలు సర్వసమానమని రాయాలి. జియోజెబ్రాలో ‘రిలేషన్’ టూల్ రెండు భుజాలు సమానమో కాదో చెబుతుంది గాని, ఇలా వరసగా మెట్లు రాసిచ్చే పని చేయదు. ‘ఏకాంతర కోణాలు కాబట్టి’ అన్న ముక్కకు కూడా మార్కుంటుంది. తెర మీద కొలిచి 45 అని రాసిన పిల్లలు ఆ మార్కు పోగొట్టుకుంటారు. నేను కోసిన ఆ ఒక్క మార్కూ దీనికే.

ఫోన్లో వాడేవాళ్లకు: వేలితో బిందువు పట్టుకోబోతే పక్కనున్న భుజం దొరుకుతుంది, కొత్త బిందువు పుట్టుకొస్తుంది. బొమ్మను పెద్దది చేసుకుని, మూడు బిందువులు నొక్కే పద్ధతిలోనే కోణం కొలవడం మేలు. రెండు భుజాలు నొక్కి కొలిస్తే ఒక్కోసారి లోపలి కోణం బదులు దాని సంపూరక కోణం వచ్చి కూర్చుంటుంది. జియోజెబ్రా సైట్లో ఇతరులు తయారుచేసి పెట్టిన బొమ్మలు బోలెడు దొరుకుతాయి. నాణ్యత కలగాపులగం. వాడే ముందు నాలుగు శీర్షాలూ లాగి చూడండి, నాలుగూ విడివిడిగా కదిలితే అది నాలుగు చుక్కల బొమ్మే.

వర్క్‌షీటుకు బొమ్మ తీసుకునే టీచర్లు అక్షాలు, గ్రిడ్ ఆపేసి పీఎన్‌జీగా దింపుకోవచ్చు. కోణం దగ్గర సంఖ్య బదులు ఎక్స్ కనబడాలంటే సెట్టింగ్స్‌లో ‘క్యాప్షన్’ దగ్గర ఎక్స్ రాసి, లేబుల్‌గా క్యాప్షన్ చూపమనాలి. జవాబు 72° అయితే బొమ్మను 72 దగ్గర ఉంచి ముద్రించకండి, కోణమానిని పెట్టి కొలిచేస్తారు. స్లైడర్‌ను 60 దగ్గరకు జరిపి దింపుకుని, కింద ‘పటం కొలతకు గీసినది కాదు’ అని రాయండి. అయితే లఘుకోణం లఘుకోణంగానే ఉండాలి. 72ని 105గా గీస్తే బొమ్మ చూసి ఆలోచించే పిల్లల్ని మనమే తికమక పెట్టినట్టవుతుంది.